కళ్ళు తెరిచి మొక్కినవాడు

అతను మొక్కేటప్పుడు కళ్ళు మూసుకునేవాడు కాడు.

మొన్న పటాన్‌చెరు బస్టాండులో పాత మందు బిళ్ళల ఫ్యాక్టరీ కార్మికుడొకాయన ఎదురుపడి, "మన బాయిలరాయన పోయిండు సారూ, పది దినాలైంది" అన్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ కళ్ళే. ముఖం తర్వాత గుర్తొచ్చింది.

ఫ్యాక్టరీ ఆవరణలో, బాయిలరు గది వెనక, మోకాలెత్తు రాయి ఒకటి ఉండేది. పసుపు, కుంకుమ, నిమ్మకాయల దండ. కార్మికులు మైసమ్మ అనేవాళ్ళు. అతను దానికి పూజారి. పొద్దున డ్యూటీ ఎక్కగానే రాయి ముందు నిలబడి చేతులు జోడించేవాడు. మిగతావాళ్ళంతా కళ్ళు మూసుకుని గొణుక్కుంటుంటే అతను మాత్రం తూర్పుకు తిరిగి గుట్ట మీది నల్ల గుండురాయిని చూసేవాడు. తర్వాత ఉత్తరానికి తిరిగి, గోడ అవతల ఒంటి తాటిచెట్టును చూసేవాడు. అంతా సరిగ్గా ఉందన్నట్టు తల ఒకసారి ఊపి, చేతులు దించి, పనిలోకి వెళ్ళిపోయేవాడు.

నేను అప్పుడు పటాన్‌చెరు హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. ఆదివారాలు మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. ఇంగ్లీషు కాగితాలు చదివి చెప్పడానికీ అర్జీలు రాయడానికీ ఆ ఫ్యాక్టరీ యూనియన్ వాళ్ళు నన్ను పిలిచేవాళ్ళు. అలా వెళ్ళినప్పుడల్లా ఈ మొక్కు చూసేవాణ్ణి. దాని మీద ఒక వ్యాసం కూడా రాశాను. భక్తుడి చూపు దేవత మీద ఉండదనీ, తన భక్తిని ఎవరెవరు చూస్తున్నారన్న దాని మీదే ఉంటుందనీ ఆ వ్యాసంలో తేల్చేశాను. అతని పేరు రాయలేదు గానీ, అందరికీ తెలిసిపోయింది. అతనూ చదివించుకుని విన్నాడట. మరుసటి వారం వెళితే చాయ తెప్పించాడు.

విచిత్రమేమిటంటే, పనిలో అంత అనుమానపు మనిషిని నేను చూడలేదు. బాయిలరు మీద ఆవిరి ఒత్తిడి చూపించే గేజీ ఉంటుంది. ముల్లు ఎంత చూపిస్తే అంత పుస్తకంలో రాసుకోవడం మిగతా ఆపరేటర్ల పద్ధతి. అతను అలా కాదు. చూపుడువేలి గోటితో గేజీ అద్దాన్ని టక్కుటక్కుమని రెండుసార్లు తట్టి, ముల్లు వణికి నిలబడ్డాక గానీ చదివేవాడు కాడు.

"ఎందుకన్నా రోజూ?" అని అడిగాను ఒకసారి. నాకన్నా రెండు మూడేళ్ళు పెద్దవాడు, అన్నా అనేవాణ్ణి.

"ముల్లు పండుకొని ఉంటది సారూ. లేపి అడగాలె. పండుకున్నదాన్ని అడిగితే నిన్నటి ముచ్చటే చెప్తది."

ఈ తట్టడం అతనికి ఒంటికి పట్టేసింది. చాయ గ్లాసును తట్టేవాడు, పుచ్చకాయను తట్టేవాడు, నా చేతి గడియారాన్ని కూడా ఒకసారి తట్టి చూశాడు. తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు: "పెండ్లికి పోతే పిల్లను గిట్లనే తట్టి సూసినవా ఏంది?" "తట్టలే. అందుకే గిట్లున్న" అనేవాడు నవ్వకుండా. ఆ మాట ఇంట్లో ఆమె ముందు కూడా అనేవాడు. ఆమె గరిటె చూపించేది.

నా ఉపన్యాసానికి ఒకసారి వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. నేను రాళ్ళ మీద, పసుపు మీద, పూనకాల మీద గంటసేపు నిప్పులు చెరిగాను. చివర్లో ప్రశ్నలేమైనా ఉన్నాయా అంటే లేచాడు. "నువ్వు చెప్పింది అంత మంచిగున్నది సారూ. జెర ఒక్కటి చెప్పు. మీ ఇంటి కడపకు పసుపెవరు పూసిన్రు?" హాలంతా నవ్వింది. మా ఆవిడ పూసింది. వ్యక్తి స్వేచ్ఛ గురించి ఏదో చెప్పి దిగిపోయాను. గేటు దగ్గర కలిసి, "కోపం చేయకు సారూ, ముల్లు పండుకున్నదేమో అని తట్టిన అంతే" అన్నాడు.

ఈ ఫ్యాక్టరీ ఇక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలి. పన్ను తప్పించుకోవడానికి వచ్చింది. ప్రభుత్వ భాషలో దాన్ని ప్రోత్సాహం అంటారు. ఎనభైల మొదట్లో యజమాని వేరే రాష్ట్రంలోని పెద్ద నగరం నుంచి తన యంత్రాలతో దిగాడు. మన జిల్లా వెనుకబడిన జిల్లా గనక ఇక్కడ రాయితీ, కొన్నేళ్ళ పాటు అమ్మకం పన్ను మాఫీ, రైతుల దగ్గర ప్రభుత్వం తీసుకుని ఇచ్చిన చౌక భూమి. ఆ నగరంలో అతను మూసి వచ్చిన ఫ్యాక్టరీ వాళ్ళు ఏమయ్యారని ఇక్కడ ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. మనవాళ్ళకు ఉద్యోగాలొస్తున్నాయి కదా, ఎవరి పొయ్యి ఆరిపోయి మన పొయ్యి వెలిగిందో ఎందుకు? ఇరవై ఏళ్ళు గడిచాయి. హిమాచల్ కొండల్లో కొత్తగా పెట్టే ఫ్యాక్టరీలకు ఎక్సైజు సుంకం లేదని కేంద్రం ప్రకటించింది. యజమాని మళ్ళీ మూట కట్టాడు. ఈసారి వంతు మనది.

మూసేస్తున్నామని చెబితే ప్రభుత్వం అనుమతి కావాలి, పరిహారం కట్టాలి. అందుకని మూసేస్తున్నామని చెప్పలేదు. ఎనభై మందికీ బదిలీ ఉత్తర్వులిచ్చారు. పదిహేను రోజుల్లో హిమాచల్‌లో చేరాలి. చేరకపోతే ఉద్యోగం తమంతట తామే వదులుకున్నట్టు. జీతం ఇదే, ఇల్లు ఎవరిది వాళ్ళే చూసుకోవాలి. నోటీసు బోర్డు ముందు నేనది చదివి తెలుగులో చెబుతుంటే కాసేపు ఎవరికీ అర్థం కాలేదు.

"అంటే మనల్ని తీసేస్తలేరు గద సారూ?"

"తీసేయడం లేదు. రమ్మంటున్నారు."

"గా చలికి మీసాలు గడ్డ కడ్తయంట. స్వెట్టరు కంపెనీ ఇస్తదని రాసిన్రా అండ్ల?"

"నీ మీసం నాలుగెంట్రుకలు. గడ్డ కట్టినా ఎవనికి కానొస్తది?"

నవ్వారు. నవ్వుతూనే ఒక్కొక్కరికీ ఎక్కింది. పొమ్మనకుండా పంపేశారు. వెళ్ళినవాడు వెళ్ళి చావాలి, ఉన్నవాడు రాజీనామా ఇచ్చినట్టు. ఇంత తెలివైన బోను నేను ఏ మతంలోనూ చూడలేదు.

అతను ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "ఇంకేం పోతున్నయి సారూ అటు?" అని అడిగాడు. తీసుకుపోయే సామాను జాబితా పక్కనే అంటించి ఉంది. చదివాను. బిళ్ళలు కొట్టే యంత్రాలు, కంప్రెసరు, అమ్మవారి విగ్రహం ఒకటి, నీళ్ళ పంపులు రెండు.

రాయిని కూడా తీసుకుపోతున్నారు. ఇరవై ఏళ్ళు నష్టమన్నది లేకుండా నడిపించింది ఆ తల్లేనని యజమాని నమ్మకం. బాయిలరు పాతదైపోయింది, తుక్కు కింద అమ్మేస్తారట. మైసమ్మ మాత్రం ప్రయాణం కట్టాలి. రాయిని పూజారి చేతులతోనే లేపించాలని మేనేజరుకు ప్రత్యేకంగా కబురొచ్చింది.

యూనియన్ సెక్రటరీకి అక్కడే ఒక ఆలోచన తట్టింది. మా ఇద్దరి వెనకే బాయిలరు గదిలోకి వచ్చి అతని భుజం పట్టుకున్నాడు. "పూజారీ, ఇగ నీ చేతులనే ఉన్నది. రాయి లేపేటప్పుడు నీకు శివం రావాలె, అమ్మ పూనాలె. 'నేను కదల, నన్ను కదిలిస్తే నాశనమైతరు' అని ఎగరాలె. షేటుకు కాళ్ళు వణుకుతయి. మిషిన్లు ఈడ్నే ఆగుతయి."

అతను గేజీని చూస్తున్నాడు. సెక్రటరీ నా వైపు తిరిగాడు: "నువ్వన్నా చెప్పు సారూ. నీ మాటింటడు."

చెప్పాను. పూనకాల మీద రెండు పుస్తకాలు అచ్చేసిన నేనే చెప్పాను. "ఒక్కసారి అన్నా. ఎనభై ఇళ్ళు."

అప్పుడు తిరిగాడు. కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. "నువ్వేనా సారూ గీ మాట అనేది?" అన్నాడు. తర్వాత, "పన్ను లేని కాడికి పోయేటోన్ని మైసమ్మ ఆపుతదా? అమ్మ వద్దన్నదంటే ఇంకో అమ్మను వెతుక్కుంటడు. ఆడ కొండకొక దేవత ఉంటదంట" అన్నాడు. సెక్రటరీ విసుక్కుని వెళ్ళిపోయాడు. అతను నన్ను గది వెనక్కి, రాయి దగ్గరికి తీసుకెళ్ళాడు.

"గిది మైసమ్మ కాదు సారూ. మా గెట్టు రాయి."

నాకు వెంటనే అర్థం కాలేదు. అతనే నన్ను భుజాలు పట్టి రాయి పక్కన నిలబెట్టి, తూర్పుకు తిప్పాడు. "గా గుండు సూడు. గా దిక్కు పోయే గీత ఒక గెట్టు. ఇటు తిరుగు. తాటిచెట్టు దిక్కు పోయేది ఇంకో గెట్టు. నడుమ మూడెకరాలు మాది."

ఫ్యాక్టరీకి భూమి తీసుకున్నప్పుడు డోజరు వచ్చి పొలాల హద్దురాళ్ళన్నీ పీకేస్తోంది. అది తమ రాయి దాకా రాకముందే వాళ్ళ నాయన దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. డోజరు నడిపేవాడు చూసి, చెప్పులు విప్పి దిగి, దండం పెట్టుకుని పక్కనుంచి పోయాడు. "మా నాయనకు దేవుడంటే గంత పట్టింపు లేకుండె. డోజరోనికి ఉంటదని తెల్సు" అన్నాడు అతను. ఏడాది తిరక్కుండానే కార్మికులు మొక్కడం మొదలుపెట్టారు. యజమాని తొలి లాభానికి వెండి కళ్ళు చేయించాడు. భూమి పోయినందుకు ఇంటికొక ఉద్యోగం కింద ఇతనికి బాయిలరు దొరికింది. రాయి కొడుకు వంతుకొచ్చింది. ఇరవై ఏళ్ళు రోజూ పొద్దున చేతులు జోడించి అతను హద్దు చూసుకున్నాడు. నేను దాని మీద వ్యాసం రాశాను.

"దీని కింద బొగ్గులున్నయి సారూ. మా దిక్కు గెట్టు రాయి పాతేటప్పుడు కింద గంపెడు బొగ్గులు పోస్తరు. రాయిని ఎవడన్నా జరుపుతడు. బొగ్గు జరగదు, కుళ్ళదు, చెద పట్టదు. గందుకే రాయి పోయినా నాకు ఫికరు లేదు, నా చేతుల్తోనే లేపిస్త."

"భూమే పోయింది కదన్నా, హద్దు తెలిసి ఏం లాభం?" అన్నాను.

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. ఆ రోజు భూమి కొలవడానికి వచ్చిన అధికారి వాళ్ళ నాయనతో ఒక మాటన్నాడట. "ఫ్యాక్టరీ కోసం తీసుకుంటున్నం. ఎన్నడన్నా ఫ్యాక్టరీ ఎత్తేస్తే నీ భూమి నీకే." నాయన చచ్చిపోయేటప్పుడు ఆ మాట కొడుక్కి అప్పజెప్పాడు. ఇప్పుడు ఫ్యాక్టరీ ఎత్తేస్తున్నారు.

"అందుకే ఆలోచన జేస్తున్న. గా చలి దేశం పోతే నౌకరీ ఉంటది. పోతే మల్ల భూమి ఇచ్చేనాడు ఈడ నేనుండ. ఉంటే నౌకరీ పోతది." జేబులోంచి బదిలీ కాగితం తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "నువ్వు సదువుకున్నోనివి. గా సారు అన్న మాట కాయితం మీద ఉంటదా సారూ?"

లేదని నాకు తెలుసు. అలాంటి ఉత్తర్వులు పదిమందికి చదివి పెట్టినవాణ్ణి. ఒకసారి ప్రభుత్వం తీసుకుని కంపెనీకి ఇచ్చిన భూమి, ఫ్యాక్టరీ ఉన్నా పోయినా కంపెనీదే. చదువులేని రైతు సంతకం పెట్టడానికి అధికారులు నోటితో ఏమైనా అంటారు, కాగితం మీద రాయరు. తాయెత్తు కట్టుకున్నవాడి మెడ మీద చెయ్యి వేసి తెంపేసేవాణ్ణి. ఇదీ తాయెత్తే. కానీ ఐదు నిమిషాల ముందే అతన్ని అబద్ధం ఆడమని అడిగి ఉన్నాను. ఆ సిగ్గు నా నోరు నొక్కేసింది. ఎంతో కొంత ఆశ ఇచ్చి వెళ్ళాలనిపించింది.

"చూద్దాం" అన్నాను.

అతను తల ఊపాడు, గుండునూ తాటిచెట్టునూ చూసి ఊపినట్టే. గేజీని రెండుసార్లు తట్టకుండా నమ్మని మనిషి నన్ను ఒక్కసారి కూడా తట్టలేదు.

రాయి లేపిన రోజు ఎనభై మందీ చుట్టూ చేరారు. పురోహితుడు మంత్రాలు చదివాడు. యజమాని చెప్పులు విప్పి నిలబడ్డాడు. అతను గడ్డపార వేశాడు. ప్రతి దెబ్బకూ జనం అతని ముఖంలోకి చూశారు, ఇప్పుడు ఊగుతాడు, ఇప్పుడు ఊగుతాడని. "ఊగవేందిర!" అని వెనకనుంచి సెక్రటరీ పళ్ళు కొరికాడు. అతను చెమట తుడుచుకుని ఇంకో దెబ్బ వేశాడు. రాయి వదులై, పక్కకు ఒరిగింది. కింద నల్లగా బొగ్గులు.

"అమ్మా! నేల మాడిపోయింది సూడున్రి!" ఎవరో అరిచారు. ఆడవాళ్ళు లెంపలు వేసుకున్నారు. ఒక్క క్షణం నాకు కూడా ఆశ పుట్టింది. యజమాని ముఖం పాలిపోయింది మరి. ఆ తర్వాత అతను వంగి, నాలుగు బొగ్గులు ఏరుకుని, కళ్ళకద్దుకుని, జేబురుమాల్లో కట్టుకున్నాడు. ప్రసాదమట. రాయిని గడ్డిలో చుట్టి లారీ ఎక్కించారు.

లారీ కదలకముందే మన మనిషి గుంత పూడ్చి, కాలితో తొక్కి గట్టి చేశాడు. అక్కడ నిలబడి తూర్పుకు చూశాడు. ఉత్తరానికి చూశాడు.

పన్నెండు మంది హిమాచల్ వెళ్ళారు. వాళ్ళలో సెక్రటరీ ఒకడు. కొందరు నాలుగు నెలలకు తిరిగొచ్చారు, కొందరు అక్కడే గదులు తీసుకుని పెళ్ళాం పిల్లల్ని పిలిపించుకున్నారు. ఇతను వెళ్ళలేదు. పదహారో రోజున అతనంతట అతనే ఉద్యోగం వదులుకున్నట్టు రిజిస్టరు పోస్టులో కాగితమొచ్చింది.

తర్వాత మూడు నెలలకు చూస్తే ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఖాకీ చొక్కాతో కూర్చుని ఉన్నాడు. ఖాళీ షెడ్లకు కాపలా. ఏదో సెక్యూరిటీ కంట్రాక్టరు పెట్టుకున్నాడు, పాత జీతంలో మూడో వంతు. అతని నాయన పొలానికి అతన్నే కావలి పెట్టారు, దొంగలు రాకుండా. గేటు ఇవతలి నుంచి తాళం వేసి ఉంది. అతను అవతల ఉన్నాడు.

"అన్నా, ఆ భూమి సంగతి..." అని మొదలుపెట్టాను. ఆ రోజు చెప్పేద్దామనే వెళ్ళాను.

"సూద్దామన్నవు గద సారూ" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు. "నేను సూస్తనే ఉన్న. నువ్వు పరేషాన్ కాకు."

గేటు ఊచల మధ్య నుంచి నాకు చాయ గ్లాసు అందించాడు. ఇచ్చే ముందు గోటితో తట్టాడు. నేను చాయ తాగి వచ్చేశాను. ఆ తర్వాత నాకు వేరే ఊరికి బదిలీ అయింది. ప్రభుత్వోద్యోగి బదిలీ, ఇల్లు కూడా ఇచ్చారు. నేను మళ్ళీ పోలేదు. దేవుడి మీద యుద్ధం చేసేవాడికి ఒక ఇంగ్లీషు కాగితం మీద, ఒక పన్ను రాయితీ మీద, ఒక అధికారి నోటిమాట మీద యుద్ధం చేయడానికి తీరిక లేకపోయింది. రాతిదేవుడు తిరిగి జవాబు చెప్పడు. అందుకే ఆ దేవుడి మీద నాకు ధైర్యం ఎక్కువ.

బస్టాండులో చావు కబురు విన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. దారిలో ఫ్యాక్టరీ స్థలం ప్లాట్లయిపోయి ఉంది. గుట్ట మీది గుండును కంకరకు పగలగొట్టేశారు. తాటిచెట్టు ఒక్కటే ఉంది.

అతని భార్య గుర్తుపట్టింది. చాప వేసింది. చివరి దాకా ఆ గేటు దగ్గరే పనిచేశాడని, ప్లాట్లు చేయడానికి గోడ పగలగొట్టిన నాడు ఇంటికొచ్చి పండుకున్నవాడు ఇక మంచం దిగలేదని చెప్పింది. లోపలికెళ్ళి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చింది. అందులో పాత పట్టా పాసుపుస్తకం, బదిలీ కాగితం, ఒక బొగ్గు ముక్క.

"సారు వస్తడు, సారుకు అంత ఎరికే అనేటోడు. ఇగ నా పేరు మీద రాయి సారూ అర్జీ."

నేను ఆ పాసుపుస్తకం తెరిచి, మూసి, ఆమె చేతికి ఇచ్చేశాను.

"భూమి రాదమ్మా. ఎప్పుడూ వచ్చేది కాదు. ఆ మాట కాగితం మీద లేదు."

ఆమె పాసుపుస్తకాన్ని తిరిగి సంచిలో పెట్టింది.

"నీకు గప్పుడే ఎరికేనా సారూ?"

తల ఊపాను.

"గా మాట గప్పుడే చెప్తే గా చలి దేశం పోతుంటిమి గద" అంది.

తిట్టలేదు. సంచి మూతి ముడివేసి గూట్లో పెట్టి, నాకు చాయ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. లేచి వెళ్ళిపోలేక, నేను ఆ చాప మీదే కూర్చుని ఉన్నాను.